వేట మైదానాల్లో పిల్లల పాఠాలు

హైదరాబాద్ బడిపిల్లలు బస్సెక్కి జింకలను, నెమళ్లను చూడడానికి వెళ్లే చోట్లలో చాలావాటికి రాచరికపు గతం ఉంది. విజయవాడ రహదారి మీది మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల శికార్‌గాహ్, అంటే వేటస్థలం. నల్లమలలోని ఫరహాబాద్ వారి వేట విడిది. జూబ్లీహిల్స్‌లో ఇవాళ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంగా ఉన్న గుట్టలు చిరాన్ ప్యాలెస్ ఆవరణ. తుపాకులు తిరిగిన నేల మీదికి నోటుపుస్తకాలు రావడానికి ఒక తరానికి పైగా పట్టింది. ఆ మార్పు ఒక్క ఉత్తర్వుతో వచ్చింది కాదు. అందులో జూ అధికారుల చెయ్యి ఉంది, పక్షులను చూస్తూ తిరిగిన నగరవాసుల చెయ్యి ఉంది, పాములను కాపాడిన యువకులదీ, ఒక న్యాయస్థానం తీర్పుదీ, దారి చూపిన చెంచులదీ ఉంది.

వేట కాలపు జ్ఞాపకాలు ఫొటోల్లో నిలిచిపోయాయి. 1902 వేసవిలో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర విడిది చేసి పులులను వేటాడారు. చచ్చిన పులి దగ్గర వాళ్లిద్దరూ నిలబడి ఉన్న చిత్రం రాజా దీన్‌దయాళ్ స్టూడియోది; ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పులివేటలో పేరు మోసినవాడు. ‘తీస్‌మార్ ఖాన్’ అన్న మాట ఆయన చంపిన పులుల లెక్కతో ముడిపడి జనం నోళ్లలో నానింది. మైదానాల్లో కృష్ణజింకలను తరమడానికి మచ్చిక చేసిన చీతాలను వదిలేవారు. ఆ చీతా దేశంలోనే లేకుండా పోయిందని 1952లో ప్రకటించారు. జింక మిగిలింది, దాన్ని తరిమిన జంతువు మిగల్లేదు. వనస్థలిలో కృష్ణజింకలను చూసే పిల్లలకు ఈ సంగతి చెప్పకపోతే పాఠంలో సగం పోయినట్టే.

మామూలు జనానికి అడవితో ఉన్న సంబంధం వేరు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, దసరా నాడు జమ్మిచెట్టు పూజ, పాలపిట్ట దర్శనం, నాగులచవితికి పుట్టలో పాలు పోయడం, వీటన్నిటా ప్రకృతి పట్ల భక్తి ఉంది. బడుల విహారయాత్రలకు కూడా వనభోజనాల పోలిక చాలాకాలం పోలేదు. తెల్లవారకముందే బయలుదేరడం, పులిహోర డబ్బాలు, మధ్యాహ్నం ఆటలు, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం. అదొక మంచి రోజే. కానీ భక్తి ఉన్నంత మాత్రాన ప్రాణి గురించి తెలిసినట్టు కాదు. పాలపిట్టను చూస్తే శుభమని నమ్మే పండుగకే దాన్ని వలవేసి పట్టి, రెక్కలు కదలకుండా చేసి, పంజరంలో పెట్టి వీధుల్లో చూపించి డబ్బులు తీసుకునే అలవాటు పుట్టుకొచ్చింది. రాష్ట్ర పక్షిగా గౌరవం పొందిన పిట్టకు పండుగే గండమైంది. దసరాకు ముందు బడుల్లో అటవీ సిబ్బంది, జంతుప్రేమికులు చెప్పే మాట ఇదే: ఆకాశంలో ఎగిరే పాలపిట్టను చూడండి, పంజరంలో ఉన్నదాన్ని చూడడానికి డబ్బులివ్వకండి.

ఇక బడి చదువు సంగతికొస్తే, బ్రిటిష్ కాలపు పాఠశాలల్లో వస్తుపాఠాలు ఉండేవి. ఆకునో, గింజనో, గవ్వనో బల్ల మీద పెట్టి మాట్లాడించడం వాటి పద్ధతి. 1937లో వార్ధాలో రూపుదిద్దుకున్న బునియాదీ విద్య పిల్లవాడి చేతిపనిని, చుట్టుపక్కల పరిసరాలను చదువుకు మూలం చేసింది. ఆ ప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్. ఆలోచన గొప్పది, అమలు మాత్రం పల్లె బడుల దగ్గరే, అదీ కొంతకాలమే నడిచింది. నగరం బడికి పరిసరాలంటే గోడ, గేటు, రోడ్డు. అక్కడి పిల్లలకు జంతువును చూపించే బాధ్యత జూ మీద పడింది.

హైదరాబాద్‌లో జంతు ప్రదర్శన మొదట బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. ఊరి నడిబొడ్డున, ఇరుకు బోనుల్లో. కొత్త జూ కోసం 1959లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో కట్టిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబర్ 6న తెరుచుకుంది. చెరువు కూడా చూడదగ్గదే. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో 21 కమాన్లతో కట్టిన దాని ఆనకట్ట ఇప్పటికీ నిలిచి ఉంది, శీతాకాలంలో ఆ నీటి మీద వలస పక్షులు దిగుతాయి. కొత్త జూలో సింహానికీ మనిషికీ మధ్య ఇనుప చువ్వలకు బదులు కందకం వచ్చింది. పెద్దలకు ఇది చిన్న మార్పులా కనిపించవచ్చు. పిల్లల చూపుకు మాత్రం చాలా పెద్దది. చువ్వల వెనక ఉన్న జంతువు ఖైదీలా ఉంటుంది. బండరాయి మీద కూర్చుని, చెట్టునీడలోకి లేచి వెళ్లే జంతువుకు తనదంటూ ఒక చోటు ఉన్నట్టు తోస్తుంది. ఆ చోటు గురించి అడగాలని పిల్లవాడికి అక్కడే బుద్ధి పుడుతుంది.

అయినా జూ సందర్శన చాలాకాలం వినోదంగానే సాగింది. చిన్న రైలెక్కడం, కోతికి వేరుశనగలు విసరడం, పులిని లేపడానికి కేకలు వేయడం. యాభైమంది పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉంటే వాళ్ల ధ్యాసంతా తలలు లెక్కపెట్టడం మీదే ఉండేది. తప్పు టీచర్లది కాదు, వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు. జూ అంటే బోధనాస్థలం అన్న భావన దేశంలో బలపడింది 1980ల తర్వాతే. మైసూరులో సాలీ వాకర్ జూ స్నేహితుల సంఘం పెట్టి, ఆ తర్వాత కోయంబత్తూరు కేంద్రంగా జూ అవుట్‌రీచ్ సంస్థను నడిపి, దేశంలోని జూలకు విద్యా సామగ్రి అందించారు. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998లో వచ్చిన జాతీయ జూ విధానం వన్యప్రాణుల సంరక్షణకు తోడ్పడడం, జనానికి వాటి గురించి తెలియజెప్పడం జూల పని అని తేల్చి చెప్పింది. ‘జంతువులకు ఆహారం వేయరాదు’ అన్న బోర్డు వెనక ఇంత కథ ఉంది.

జూ దాటి బయటి నేల మీదికి పిల్లలను తీసుకువెళ్లిన మొదటి మెట్టు హరిణ వనస్థలి. వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. అహింసను బోధించిన మహనీయుడి పేరు వేటస్థలానికి పెట్టడంలో ఉన్న ఔచిత్యం ఎంత చెప్పినా తక్కువే. సుమారు 3,758 ఎకరాల పొదల మైదానం అది. దాని పక్కన లేచిన కాలనీకి వనస్థలిపురం అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి తమ ఊరి పేరులో ఒక అడవి ఉందని బస్సు దిగాకే తెలుస్తుంది. కృష్ణజింక చిక్కటి అడవిలో బతికేది కాదు. దూరం నుంచే శత్రువును చూసి పరుగు తీయడానికి దానికి బయలు కావాలి, గడ్డి కావాలి. మగదానికి నలుపు, మెలితిరిగిన కొమ్ములు. ఆడదానికీ పిల్లకూ లేత గోధుమరంగు. ఒకే మందలో ఇన్ని రంగులు ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. జవాబు చెప్పేవాడు పక్కన ఉంటే అక్కడే ఒక పాఠం అవుతుంది. ‘అడవి అంటే చెట్లు’ అన్న పట్నపు అభిప్రాయాన్ని సరిదిద్దడానికి ఈ మైదానాన్ని మించిన చోటు నగరం దగ్గర లేదు. ఖాళీగా కనిపించే నేలంతా బంజరు కాదని ఇక్కడ కంటితో చూసి తెలుసుకోవచ్చు.

చూడడం ఎలాగో నేర్పినవాళ్లు పక్షి పరిశీలకులు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931–32లో నిజాం ప్రభుత్వం కోసం హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఆ ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. దక్కను పక్షుల గురించి తర్వాత పనిచేసిన వాళ్లందరికీ అది పునాది. యాభై ఏళ్లకు, 1980లో, హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం పుట్టింది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. ఆ సంఘం తెచ్చిన వార్తాపత్రిక పేరు ‘పిట్ట’. ఆ పేరుకు ఇంకో విశేషం ఉంది. నవరంగుల పక్షిని మన పల్లెల్లో పొన్నంకి పిట్ట అనేవారు. ప్రపంచ పక్షిశాస్త్రం ఆ తెలుగు మాటనే తీసుకుని ఒక జాతి మొత్తానికి ‘పిట్టా’ అని పేరు పెట్టింది. తెలుగు పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల మొహాల్లో వచ్చే వెలుగు ఏ బహుమతితోనూ రాదు.

ఇలాంటి సంఘాల ఆదివారపు నడకల వల్ల ఒక పద్ధతి స్థిరపడింది. తెల్లవారుజామునే వెళ్లాలి, చిన్న గుంపుగా వెళ్లాలి, ఎర్రచొక్కాలు వేసుకోరాదు, వేలు చూపించి అరవరాదు. పేరు తెలియకపోయినా సరే, ముక్కు ఎలా ఉందో, తోక ఎలా ఆడిస్తుందో, నీటిలో తింటోందా కొమ్మ మీద తింటోందా రాసుకోవాలి. పేరు చెప్పగానే పిల్లలు చూడడం ఆపేస్తారు. అందుకే అనుభవం ఉన్న దారిచూపరి పేరును చివరిదాకా దాచిపెడతాడు. పుస్తకాల్లో కనిపించని ఈ చిన్న ఉపాయమే ప్రకృతి విద్యలో అసలు పనితనం.

పక్షులతో పోలిస్తే మొసలి, పాము పిల్లలకు భయం పుట్టించేవి. 1975లో కేంద్ర ప్రభుత్వం మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టినప్పుడు గుడ్లు సేకరించి పొదిగించి, పిల్లలను పెంచి నదుల్లో వదిలే పనిలో హైదరాబాద్‌కు ముఖ్యపాత్ర దక్కింది. సంగారెడ్డి దగ్గర మంజీరా జలాశయాన్ని 1978లో అభయారణ్యం చేశారు. అక్కడ మగ్గర్ జాతి మొసళ్లు ఉన్నాయి, నీటికొంగలు, పెలికాన్‌లు వస్తాయి, పిల్లల కోసం పర్యావరణ విద్యా కేంద్రం కూడా కట్టారు. హైదరాబాద్ తాగే నీళ్లలో కొంత ఈ మంజీరావే. ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో మొన్నమొన్నటిదాకా మొసలి ఈదిందని వింటే పిల్లలు మొదట మొహం చిట్లిస్తారు, తర్వాత ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. నగరానికీ అభయారణ్యానికీ మధ్య ఉన్న బంధాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ లేదు.

పాముల సంగతి ఇంకా చిక్కు. పాముకాటు తగిలినవాళ్లు మహబూబ్ అలీ పాషా పేరు తలచుకుంటే విషం దిగిపోతుందని ఒకప్పుడు ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం ఉండేది. నాగులచవితికి పాలు పోసే చేతే మిగతా రోజుల్లో కర్ర పట్టేది. మద్రాసులో రోములస్ విటేకర్ నెలకొల్పిన పాముల పార్కు 1970ల్లో దక్షిణాది పిల్లలందరికీ ఒక వింత. తెలుగు జిల్లాల బడులు కూడా మద్రాసు యాత్రలో దాన్ని తప్పకుండా చూసేవి. హైదరాబాద్‌లో 1995లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏర్పడింది. ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదలడం ఒక పని, బడులకు వెళ్లి మాట్లాడడం మరో పని. ఆ పాఠం తేలిక మాటల్లో ఉంటుంది. పాము పాలు తాగదు. పగ పట్టదు. జెర్రిపోతుకు విషం లేదు, అది ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర కాటు ప్రమాదం. కరిస్తే కట్టుకట్టి కోయడం, మంత్రం వేయించడం కాదు, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. వన్యప్రాణి విద్యలో ప్రాణం నిలబెట్టేది ఏదైనా ఉందంటే ఈ పాఠమే.

వీటన్నిటి పక్కన ప్రభుత్వం వైపు నుంచి పనులు సాగాయి. గాంధీ జయంతితో మొదలయ్యే వన్యప్రాణి వారోత్సవాలు 1950ల నుంచి నడుస్తున్నాయి. చిత్రలేఖనం, వక్తృత్వం, క్విజ్ పోటీలకు బడులు అలవాటుపడ్డాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, మరుసటి ఏడు పులుల సంరక్షణ పథకం వచ్చాయి. 1984లో అహ్మదాబాద్‌లో పర్యావరణ విద్యా కేంద్రం ఏర్పడి దేశమంతటికీ పాఠ్యసామగ్రి తయారు చేసింది. పెద్ద మలుపు 1991 నవంబర్ 22న వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి అంశం చేయాలని ఆదేశించింది. అది సరిగా అమలు కాలేదని ఆయన మళ్లీ కోర్టుకెక్కితే, 2003లో నమూనా పాఠ్యప్రణాళిక తయారుచేయమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పింది. 2001–02లో మొదలైన జాతీయ హరిత దళం బడి బడికీ ఒక ఎకో క్లబ్ తెచ్చింది.

తీర్పు వల్ల పుస్తకం వచ్చింది, పుస్తకం వల్ల పరీక్ష వచ్చింది. పరిసరాల విజ్ఞానం పేరుతో ఉన్న పాఠాన్ని పరిసరాల్లోకి వెళ్లకుండానే పూర్తిచేసే బడులు తయారయ్యాయి. ‘అంతరించిపోతున్న జంతువుల పేర్లు రాయండి’ అన్న ప్రశ్నకు జవాబు గట్టిగా బట్టీ పట్టిన పిల్లకు కాంపౌండు గోడ మీది ఉడుత గూడు ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఇది నిజంగా బాధపడాల్సిన విషయం. అయితే అదే తీర్పు పుణ్యమా అని బయటికి తీసుకువెళ్లాలనుకున్న టీచరుకు హెడ్మాస్టరు ముందు నిలబడి అడగడానికి ఒక ఆధారం దొరికింది.

1990ల్లో నగరం చుట్టూ రక్షిత స్థలాలు పెరిగాయి. చిలుకూరు దగ్గర 3.6 చదరపు కిలోమీటర్ల మృగవని 1994లో జాతీయ వనం అయింది. చుక్కల జింకలు, కణుజులు తిరిగే ఆ పొదల అడవిలోనూ పిల్లల కోసం పర్యావరణ విద్యా కేంద్రం పెట్టారు. చిరాన్ ప్యాలెస్ గుట్టలు జాతీయ వనంగా మారి, దాని చుట్టూ పొద్దున నడిచేవాళ్ల బాట పడింది. 1996లో రాళ్లను కాపాడే సంఘం పుట్టి, గుండ్లు పేర్చినట్టుండే దక్కను కొండరాళ్ల మధ్య నెలనెలా నడకలు పెట్టింది. వన్యప్రాణి చదువులో రాయికేం పని అనిపించవచ్చు. కానీ తొండ, బల్లి, గుడ్లగూబ, ముంగిస అన్నీ ఆ గుండ్ల సందుల్లోనే బతుకుతాయి. గుండు పేల్చి కంకర చేస్తే అవన్నీ పోతాయి.

2012 అక్టోబర్‌లో జీవవైవిధ్య ఒప్పందం 11వ సభ్యదేశాల సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. జీవవైవిధ్యం అనే బరువైన మాట అప్పుడు నగరం బడుల్లోనూ వినబడింది. 2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు. నగర పరిధిలోని ఒక నీటివనరుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. అపార్టుమెంట్ల మధ్య మిగిలిన చెరువు అది. బాతులు, కొంగలు, రాజహంసలు దిగే ఆ నీటిని చూడడానికి పెద్ద ఖర్చు లేదు. ఫీజు కట్టి దూరపు రిసార్టులకు వెళ్లే బడులకూ, బస్సుకు డబ్బులు సమకూరని సర్కారు బడులకూ మధ్య ఉన్న తేడా ఇలాంటి చెరువు గట్టు మీద కొంత తగ్గుతుంది. ఆ మీదట అటవీ శాఖ నగరం చుట్టూ తెరిచిన అర్బన్ ఫారెస్ట్ పార్కుల వల్ల కూడా ఆ మేలు కొంత జరిగింది.

పెద్ద తరగతుల పిల్లల యాత్ర హైదరాబాద్ నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని మన్ననూరు, ఫరహాబాద్ దాకా పోతుంది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం రాష్ట్ర విభజన తర్వాత రెండుగా విడిపోయి, తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అయింది. అక్కడ దారి చూపేవాళ్లలో చెంచులున్నారు. వాళ్ల పాఠానికి బల్ల, బోర్డు ఉండవు. దుమ్ములో అడుగుజాడ చూసి అది ఎప్పటిదో చెబుతారు, చెట్టు బెరడు మీద గీతలు చూసి ఎలుగుబంటి ఎక్కిందో చిరుత గోళ్లు గీకిందో చెబుతారు, తేనెపట్టు ఎక్కడుందో గాలిని బట్టి చెబుతారు. పులి కనబడలేదని ఉసూరుమనే పిల్లలకు పులి ఇక్కడే తిరుగుతోందని జాడలతో నిరూపించేది వాళ్లే. పట్నపు బడిలో ఏ సర్టిఫికెట్టూ లేని ఈ జ్ఞానాన్ని గురువు స్థానంలో నిలబెట్టడం ఈ యాత్రల వల్ల జరిగిన మంచి పనుల్లో ఒకటి.

పాత జూ కూడా ఇదే అడవితో కొత్త బంధం కలుపుకుంది. 2010లో నెహ్రూ జూలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి మూషిక జింకల సంతానోత్పత్తి మొదలైంది. కుందేలంత ఉండే ఈ జింక మన దేశపు గిట్టల జంతువుల్లో కెల్లా చిన్నది. కొద్ది జంతువులతో మొదలైన మంద పెరిగి వందలు దాటింది, వాటిలో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అదే జూలో రాబందుల పెంపక కేంద్రం కూడా ఉంది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా కడుపులోకి పోయి రాబందులు కుప్పలుగా చచ్చిపోయాక, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. జటాయువు కథ తెలియని తెలుగు పిల్లలు ఉండరు. ఎగిరే రాబందును చూసినవాళ్లు ఎక్కడో ఒకరు. మూషిక జింక కూడా రాత్రిళ్లు తిరిగేది, అలికిడికే పొదలో కలిసిపోయేది. అమ్రాబాద్ వెళ్లిన పిల్లలకు అది కంటపడడం అరుదు. తాము జూలో విన్న జంతువు ఆ పొదల వెనక ఎక్కడో పడుకుని ఉందని తెలిసి, గొంతు తగ్గించుకుని నడుస్తారు.